పైన పటారం – లోన పాటలు

అనుకరణ అనే మాటకు మనవాళ్ళలో మర్యాద తక్కువ. బంగారం కానిది గిల్టు, నెయ్యి కానిది డాల్డా, తోలు కానిది రెక్సిను అని పెదవి విరవటం మనకు అలవాటు. "పైన పటారం, లోన లొటారం" అనే సామెత ఉండనే ఉన్నది. అయినా సరే, తోలు కాని తోలును గురించి, అందులోనూ కాగితంతో చేసిన తోలును గురించి నాలుగు మంచి మాటలు చెబుదామని కలం పట్టాను. "కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఆవిడకు తోలు గొడవ ఎందుకమ్మా!" అంటారేమో. పుస్తకాల మధ్య బ్రతికేవాళ్ళకు అట్టల గొడవ తప్పుతుందా చెప్పండి!

సంగతి చాలా చిన్నది. కొట్లలో సరుకులు వేసి ఇచ్చే గోధుమరంగు కాగితపు సంచీలు చూశారు గదా! ఆ కాగితాన్ని క్రాఫ్టు కాగితం అంటారు. దానిని నలిపి, తడిపి, మళ్ళీ నలిపి, వెనక గుడ్డ అంటించి, రంగు పూసి, మైనం పట్టిస్తే కంటికీ చేతికీ గూడా పాత తోలులాగా తోచే తొడుగు తయారవుతుంది. ఇంట్లో కుట్టుకున్న నోటుపుస్తకానికి దానిని వేస్తే, చూసినవాళ్ళు "ఎక్కడ కొన్నారు?" అని అడగక మానరు.

అసలు తోలు ఘనత

ముందు అసలు తోలు సంగతి చూద్దాం. పాత కాలేజీ లైబ్రరీలలో, కోర్టు లైబ్రరీలలో వందేళ్ళు దాటిన ఇంగ్లీషు పుస్తకాలు బీరువాల నిండా బారులు తీరి ఉంటాయి. వెన్నుమీద బంగారపు అక్షరాలు, చూడటానికి ఎంతో దర్జా. చేతిలోకి తీసుకుంటే మాత్రం అరచేతి నిండా ఇటుకపొడి లాంటి ఎర్రటి పొడి అంటుకుంటుంది. చీరకు అంటితే ఒక పట్టాన వదలదు. ఆ పొడి మరేమిటో కాదు, తోలే! లోపలి పుటలు బాగానే ఉంటాయి. వాటిని కాపాడవలసిన అట్ట మట్టిలో కలుస్తూ ఉంటుంది.

ఈ బాధ మన లైబ్రరీలది మాత్రమే కాదు. ఇంగ్లండులో ఇది ముదిరి, అక్కడి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారు 1900లో ఒక సంఘాన్ని వేసి విచారణ జరిపించారు. మరుసటి ఏడు, 1901లో నివేదిక వచ్చింది. పాతకాలపు తోళ్ళు శతాబ్దాల తరబడి నిలిచినా, పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలోని తోళ్ళు త్వరత్వరగా చివికిపోతున్నాయని ఆ సంఘం వారు తేల్చారు. ఆ రోజుల్లో గదుల్లో వెలిగించే గ్యాసు దీపాల పొగ ఒక కారణమన్నారు. తోలును పదును చేసే పద్ధతి మరొక కారణమన్నారు. మన దేశం నుంచి వెళ్ళే గొర్రెతోళ్ళు, మేకతోళ్ళు ఇతర పనులకు బాగానే ఉన్నా పుస్తకాలకు మాత్రం బొత్తిగా పనికిరావనీ, వాటితో కట్టిన పుస్తకాలు ఏడాది తిరగకుండానే చెడిపోవటం గూడా కద్దనీ చెప్పారు.

ఆ తోళ్ళను పదును చేసింది దేనితో అనుకున్నారు? మన తంగేడు చెక్కతో! బతుకమ్మలో పేర్చే తంగేడు, 2014లో తెలంగాణకు రాష్ట్రపుష్పమైన తంగేడు. దాని బెరడుతోనే దక్షిణాదిన తోళ్ళు పదును చేసి ఓడలకు ఎక్కించేవారు. ఇందులో తంగేడు తప్పూ లేదు, ఆ పని చేసిన చేతుల తప్పూ లేదు. వేరే పనికి తగిన సరుకును, చౌకగా వస్తున్నది గదా అని పుస్తకాలకు చుట్టినవారిదే తప్పు.

పోనీ, రెక్సిను మాటేమిటి? అది మొదట ఇంగ్లండులో గుడ్డమీద రసాయనపు పూత వేసి చేసిన ఒక సరుకు పేరు. రానురాను తోలులా కనిపించే ప్రతి గుడ్డనూ మనం రెక్సిను అనే పిలవసాగాం. ఇప్పుడు బజారులో దొరికే డైరీల అట్టలమీద మెత్తగా, నున్నగా ఉండే పూత చాలావాటిలో పాలియురెథేన్ అనే ప్లాస్టిక్కు. దానికి గాలిలోని తేమ పడదు. మా కాకినాడలాంటి సముద్రపు వూళ్ళో కొన్ని వానాకాలాలు గడిచేసరికి పొలుసులు పొలుసులుగా లేచిపోతుంది.

అసలు తోలు పొడి అయింది, ప్లాస్టిక్ తోలు పొలుసులయింది. ఇక కాగితం ఏపాటిది అని మీకు అనిపించటం సహజమే. ఈ ప్రశ్నకు జపానువారు ఏనాడో జవాబు చెప్పారు.

కాగితం కట్టుకున్న జాతి

జపానులో చేత్తో చేసే కాగితానికి పొడవైన నారలుంటాయి. ఆ కాగితాన్ని నలిపి మెత్తజేసి, కొన్యాకు అనే దుంప నుంచి తీసిన జిగురు పట్టించి, వారు దుస్తులు కుట్టుకునేవారు. ఆ కొన్యాకు మరెవరో కాదు, మన కందదుంపకు దగ్గర చుట్టం! నారా నగరంలోని తోదాయ్‌జీ ఆలయంలో ఏటా మార్చి నెలలో జరిగే ఉత్సవంలో దీక్ష పట్టిన భిక్షువులు ఈనాటికీ కాగితపు దుస్తులు ధరిస్తారు.

ఆ కాగితంతోనే తోలు గూడా చేశారు. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు యూరపు నుంచి బంగారుపూత పూసిన పూలతోళ్ళు జపాను రేవుకు తెచ్చేవారు. జపానువారికి ఆ సొగసు నచ్చింది. సరుకు అరుదు, ధర అధికం. అందుచేత కాగితంతోనే ఆ తోలును తయారుచేశారు. పూలు చెక్కిన కొయ్య రోలరుకు తడి కాగితాన్ని చుట్టి, గట్టి కుంచెలతో కొట్టికొట్టి ఆ పూలు కాగితంమీద తేలేటట్టు చేసి, రేకూ లక్కపూతా వేసేవారు. దాని పేరు కింకరకవాకామి. కిన్ అంటే బంగారం, కరా అంటే విదేశం, కవా అంటే తోలు, కామి అంటే కాగితం. ఆ కాగితం 1873లో వియన్నా ప్రదర్శనకు వెళ్ళింది. తరువాత యూరపులోని సంపన్నుల గోడల మీదికి ఎక్కింది. అనుకరణ అసలు పుట్టింటికే వెళ్ళి అమ్ముడుపోయిందన్నమాట!

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఈసె క్షేత్రపు కథ. ఈసె జపానువారికి మహా పుణ్యస్థలం. అక్కడికి వెళ్ళేవాళ్ళు తోలు వస్తువులు వెంట తీసుకుపోవటం అపచారంగా భావించేవారు. భక్తి ఎంత ఉన్నా పొగాకు తిత్తి లేకుండా అంత దూరం నడవటం మగవారికి కష్టమే గదా! 1684 ప్రాంతంలో ఆ దారిలోని వారు నూనె పట్టించిన కాగితాన్ని ముడతలు వేసి, తోలులాగా చేసి, తిత్తులు కుట్టి యాత్రికులకు అమ్మసాగారు. భక్తికి లోటు లేదు, పొగాకుకూ లోటు లేదు.

ఇది చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎందుకంటే, సరిగ్గా ఇదే చిక్కు మా ఇంట్లో వచ్చిపడి ఉన్నది.

మా అత్తగారి పుస్తకం

మా అత్తగారికి 78 ఏళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక రూళ్ళపుస్తకంలో పాటలు వ్రాసుకున్నారు. మేలుకొలుపులు, నలుగు పాటలు, బంతి పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతలు, మంగళహారతులు. ఆ కాగితం ఇప్పుడు అప్పడంలా విరుగుతున్నది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. చాలా పాటలకు మొదటి రెండు మాటలు వ్రాసి, పక్కన వరసగా చుక్కలు పెట్టారు. ఆ చుక్కల్లో ఏమున్నదో ఆవిడ గొంతుకు తప్ప మరెవ్వరికీ తెలియదు.

మా మరిది హైదరాబాదు నుంచి ఒక మంచి తోలు డైరీ తెచ్చి, "అమ్మా, ఇందులో మళ్ళీ శుభ్రంగా వ్రాయి" అని చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆరునెలలైనా అది పెట్టెలోంచి బయటికి రాలేదు. అడిగితే, "పూజగదిలో తోలు పట్టుకుని హారతి పాట వ్రాయమంటావుటమ్మా?" అన్నారు.

"మృదంగం తోలు కాదా అత్తయ్యా? నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రాముడూ సీతా తోలే గదా!"

"అది దేవుడి ముందు మోగుతుంది, ఆ బొమ్మ రామకథ చెబుతుంది. ఈ డైరీ ఏం చెబుతుందీ?"

తోలు ముట్టుకుంటే మైల అనే పట్టింపు, మనకు చెప్పులు కుట్టిపెట్టినవారిని తరతరాలుగా ఎంత దూరాన నిలబెట్టిందో నాకు తెలుసు. క్లాసులో ఆ మాట చెబుతూనే ఉంటాను. ఇంట్లోనూ చెప్పాను. కాని ఈ వయసు మనిషితో వాదించి గెలిస్తే నాకు గెలుపు దక్కుతుందే గాని పాటలు దక్కవు.

నాలుగు రోజుల తరువాత, వంకాయలు తరుగుతూ ఆవిడే అసలు మాట చెప్పారు. "అంత ఖరీదైన పుస్తకంలో నా కోడిగీతలేమిటమ్మా? తప్పు పోతే కాగితం చించటానికి గూడా చెయ్యి రాదు." నాకు అప్పుడు అర్థమైంది. అడ్డం పడింది తోలొక్కటే కాదు, దాని దర్జా గూడా. మీ ఇంట్లోనూ బహుమతిగా వచ్చిన అందమైన డైరీలు ఒక్క అక్షరం లేకుండా పడి ఉన్నాయా? కారణం ఇదే అయివుంటుంది. అందుకని ఆవిడ కళ్ళ ముందే, సరుకుల సంచీతో పుస్తకం చేయటానికి కూర్చున్నాను.

చేసే పద్ధతి

కాగితం: లోపలివైపు ప్లాస్టిక్ పూత లేని క్రాఫ్టు కాగితం కావాలి. క్రాఫ్ట్ అంటే జర్మను భాషలో బలం అని అర్థం. పంతొమ్మిదో శతాబ్దం చివర కార్ల్ డాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పద్ధతి ఇది. కొయ్యలోని నారలు పెద్దగా దెబ్బతినకుండా విడివడతాయి గనుక, ఈ కాగితం నలిగినా తొందరగా చినగదు. 42 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ముక్క తీసుకోండి. చివరికి కావలసింది 36కి 26 మాత్రమే. ముడతల్లో కొంత పోతుంది.

నలపటం: చేతి ఉంగరాలు తీసెయ్యండి. కాగితాన్ని ఉండగా నలిపి, నెమ్మదిగా విప్పండి. ఇలా పొడిగానే ఎనిమిది పది మార్లు చేయాలి. మొదట పెళపెళలాడిన కాగితం క్రమంగా చప్పుడు మానేస్తుంది. పిమ్మట నీళ్ళు చిలకరించి, మరో మూడు నాలుగు మార్లు నలపండి. తడి కాగితాన్ని విప్పేటప్పుడు అంచు పట్టుకు లాగితే చినుగుతుంది. నడిమి నుంచి అంచులకు వేళ్ళతో సర్దుతూ విప్పాలి. ఉతికిన నూలుగుడ్డలాగా చేతికి మెత్తగా తగిలితే పదును వచ్చినట్టు.

గుడ్డ అంటించటం: పాత పంచె ముక్కగాని, మల్లుగుడ్డగాని వెనక అంటించాలి. మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి గూడా వాడవచ్చు. చేర్యాల చిత్రకారులు గుడ్డను బొమ్మలకు సిద్ధం చేసేటప్పుడు వాడే చింతగింజల అంబలి గూడా మంచి జిగురే. అంటించాక అప్పడాల కర్రతో దొర్లించి గాలిబుడగలు పోగొట్టి, బరువు కింద ఒక రాత్రి ఉంచండి. బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకండి.

రంగు: పూర్తిగా ఆరాక, ముదురు గోధుమరంగు అక్రిలిక్ రంగును నీళ్ళలో పలచగా కలిపి పూసి, వెంటనే గుడ్డతో తుడవండి. రంగు ముడతల లోతుల్లో నిలిచి, మెట్టలమీద పలచబడుతుంది. తోలు అందమంతా ఆ ఎచ్చుతగ్గుల్లోనే ఉన్నది. చిక్కగా ఒకమారు పూయటం కన్నా పలచగా మూడుమార్లు పూయటం మేలు. చివర పొడి స్పాంజితో లేతరంగు మెట్టలమీద అద్దితే ఏళ్ళ తరబడి వాడినట్టు కనిపిస్తుంది.

పుస్తకం కుట్టటం: 24 ఏ4 కాగితాలు తీసుకుని, నాలుగేసి కలిపి నడిమికి మడిస్తే 16 పుటల ఫారాలు ఆరు వస్తాయి. అంటే 96 పుటలు. ప్రతి మడతమీద ఒకే కొలతలో అయిదు రంధ్రాలు చేసి, మైనం రాసిన నూలుదారంతో కుట్టండి. ఒక్కో ఫారం చివర దారాన్ని కిందటి ఫారం కుట్టులోకి దూర్చి ముడివేయాలి. లేకపోతే ఫారాలు దేని దారి దానిది అవుతాయి. వెన్నుకు దోమతెర లాంటి పలచటి గుడ్డముక్క అంటించి, రెండువైపులా కొంచెం అంచు వదలండి.

అట్టలు: బైండింగు అట్ట ముక్కలు రెండు, 14.6 వెడల్పు, 21.6 పొడవు. వెన్నుకు పుస్తకం మందమంత సన్నని ముక్క ఒకటి. గుడ్డకు పడుగూ పేకా ఉన్నట్టే అట్టకూ ఒక వాలు ఉంటుంది. కోయటానికి ముందే రెండువైపులా వంచి చూడండి. సులువుగా వంగే మడత పుస్తకపు వెన్ను వెంబడి పోయేటట్టు కోస్తే, అట్ట తరువాత దోనెలాగా వంగదు. కాగితపు తోలును 36కి 26గా కత్తిరించి, ఈ మూడు ముక్కలను దానిమీద అంటించండి. వెన్నుకు ఇరువైపులా ముప్పాతిక సెంటీమీటరు సందు వదలాలి. అంచులు రెండేసి సెంటీమీటర్లు లోపలికి మడిచి అంటించి, పుస్తకాన్ని లోపల కూర్చి, పైన మంచి తెల్లకాగితం అంటించండి. క్రాఫ్టు కాగితం నేరుగా వ్రాసిన పుటలకు తగలకుండా ఈ తెల్లకాగితం అడ్డుగా ఉంటుంది.

మైనం: ఇది అన్నిటికన్నా చివరి పని. ముందే మైనం పట్టిస్తే అంచులకు జిగురు అంటదు. తేనెమైనాన్ని గుడ్డకు రాసుకుని అట్టంతా రుద్ది, అరగంట పోయాక పొడిగుడ్డతో మెరుగుపెట్టండి. బూటుపాలిషు వాడేవారూ ఉన్నారు. మెరుపు బాగానే వస్తుంది గాని, వాసనా వస్తుంది. పూజగదికి వెళ్ళే పుస్తకానికి అది తగదు.

దీని హద్దులు గూడా చెప్పాలి. వానలో తడిస్తే ఉబ్బుతుంది. మూలలు అరుగుతాయి. బరువు మోసే సంచులకు పనికిరాదు. కాని మూల అరిగినచోట కొంచెం రంగూ మైనమూ రాస్తే మళ్ళీ కలిసిపోతుంది. పొలుసులు లేచిన డైరీకి ఆ సౌకర్యం లేదు.

చుక్కల స్థానంలో

సాయంత్రానికి పుస్తకం తయారైంది. అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, "మొన్న కందిపప్పు తెచ్చిన సంచీయేనా ఇది!" అన్నారు. తరువాత, "పాడైతే మళ్ళీ చేసిపెడతావుగా?" అని అడిగి, కళ్ళజోడు తెప్పించుకున్నారు. ఆ రాత్రే నలుగుపాట ఒకటి, చుక్కలు లేకుండా, పూర్తిగా వ్రాశారు. ఇప్పటికి 41 పాటలైనాయి. కొన్నిచోట్ల కొట్టివేతలున్నాయి. ఒక పుటమీద పసుపు వేలిముద్ర ఉన్నది. రెండు పాటల్లో చరణాలు ఎంత ఆలోచించినా ఆవిడకు జ్ఞాపకం రాలేదు. అయిదేళ్ళ కిందట కూర్చుని ఉంటే వచ్చేవేమో.

ఫోనులో రికార్డు చేసుకోరాదా అంటారు. చేయండి, నేనూ చేశాను. వరస తెలియాలంటే గొంతు ఉండాలి. కాని ఫోను మారుతుంది, మరమ్మతుకు పోతుంది, ఏ పాట ఎక్కడున్నదో ఎవరికీ అంతుబట్టదు. పుస్తకానికి విద్యుత్తు అక్కరలేదు. తిరుమలలో రాతి అరలో దాగిన రాగిరేకులు బయటపడబట్టే గదా అన్నమయ్య సంకీర్తనలు అన్ని మనకు దక్కాయి! మనకు రాగిరేకుల స్తోమత లేకపోవచ్చు. క్రాఫ్టు కాగితానికి అందరికీ ఉన్నది.

వ్రాసేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి. మామూలు బాల్‌పెన్ను సిరా కాలక్రమాన వెలవవచ్చు. పెన్సిలు వ్రాత దానికన్నా మొండిది, ఎండకు గూడా వెలవదు. పాట కింద ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఏ వూరిది, ఏ సందర్భంలో పాడేది ఒక్క వాక్యం చేర్చండి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తాళపత్రాల మధ్య వస, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క లాంటివి దంచి గుడ్డమూటలు కట్టి ఉంచే సంప్రదాయం ఉన్నది. మన వంటింట్లోనూ ఆ దినుసులు లేకపోలేదు. పుస్తకం పక్కన ఒక చిన్న మూట ఉంచండి.

పైన పటారమే, కాదనను. అది తోలు కాదని ఒక్కమారు గోటితో గీరితే తెలుస్తుంది. కాని పుస్తకానికి లొటారమంటే అట్ట కాగితం కావటం కాదు, లోపల పుటలు తెల్లగా మిగిలిపోవటం. మీ ఇంట్లో గూడా అమ్మమ్మదో, నాయనమ్మదో, మేనత్తదో చుక్కలు పెట్టిన పాత పుస్తకం ఒకటి తప్పక ఉంటుంది. ఈ ఆదివారం ఒక సంచీ చింపి, నలపటం మొదలుపెట్టండి. చేతులు నలుపుతూ ఉండగానే ఆ పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి చుక్క దగ్గర ఏమున్నదో అడగండి.